జింకు లేని జింకు స్ఫటికాలు

స్టీల్ ప్లాంటులో ఏదైనా చూడు

నా ఉద్యోగంలో చివరి పద్నాలుగేళ్లు ఇనుము మీదే గడిచాయి. విశాఖపట్నంలో ఈ మాట అంటే అవతలివాళ్లు వెంటనే అడిగేది ఒకటే: "ఎక్కడండీ, బ్లాస్ట్ ఫర్నేసులోనా, రోలింగ్ మిల్లులోనా?" నేను యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పుకునే మనిషినని, నా ఇనుమంతా కలిపి పోగేసినా అగ్గిపెట్టె నిండదని చెబితే, వాళ్ల ముఖంలో గౌరవం సగానికి సగం పడిపోయేది.

దువ్వాడలో ఉండే మా మరిది అయితే పదేళ్లపాటు నన్ను వదల్లేదు.

"వొదినా, ఇనుమంటే నీకు బాగా తెలుసు గదా. మావోడికి ప్లాంటులో ఏటైనా సూడు."

"నాకు అక్కడ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా తెలీదయ్యా."

"మరింకేటి సేత్తన్నావ్ ఇన్నాళ్లూ?"

ఆయనకు నేను ఎప్పుడూ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు రిటైరయ్యాను, తీరిక దొరికింది. కొత్తగా పీహెచ్‌డీలో చేరి, ల్యాబ్ కోటు వేసుకుని ఫొటో దిగి స్టేటస్ పెట్టుకునే పిల్లల కోసం రాస్తున్నాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ కమిటీలో ఎవరి పక్కన కూర్చున్నాను లాంటివి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తులేవు. బాగా గుర్తున్నది ఒక తప్పు. అది చెబుతాను.

అసలు పని ఏమిటంటే

కొన్ని లోహాలను విపరీతంగా చల్లబరిస్తే వాటిలో కరెంటు ఏ నష్టమూ లేకుండా పారుతుంది. దీన్ని అతివాహకత్వం అంటాం. మామూలుగా ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకునే ఎలక్ట్రాన్లు ఆ చలిలో జంటలు కడతాయి. సీసం లాంటి లోహాల్లో ఈ జంటల్ని కలిపేది పరమాణువుల కంపనం. అది ఎప్పుడో తేలిపోయిన సంగతి, పాఠ్యపుస్తకాల్లో ఉంది, పరీక్షల్లో వస్తుంది, పిల్లలు బట్టీపట్టి రాసేస్తారు.

అయస్కాంతత్వం మాత్రం ఈ జంటల్ని విడగొడుతుంది. అందుకే ఇనుమున్న పదార్థం ఒకటి అతివాహకంగా మారిందని జపాన్ నుంచి కబురు వచ్చినప్పుడు మా డిపార్ట్‌మెంటులో సగంమంది నవ్వారు. మిగతా సగంమంది ఖాళీగా ఉన్న కొలిమి ఎక్కడుందా అని వెతికారు. నేను మొదట నవ్వి, తర్వాత వెతికాను.

ఈ ఇనుప పదార్థాల్లో పెళ్లిళ్ల పేరయ్య ఎవరు? ప్రపంచమంతా రెండు జట్లుగా చీలిపోయింది. ఒక జట్టు పాత కంపనాలే కలుపుతున్నాయి అంది. రెండో జట్టు, కాదు, విడగొట్టాల్సిన ఆ అయస్కాంతత్వమే ఇక్కడ తన కదలికలతో జంటలు కలుపుతోంది అంది. సిద్ధాంతాలు రాసేవాళ్లకు ఇందులో బాధేమీ లేదు. ఒక కాగితం మీద లెక్క తప్పితే ఇంకో కాగితం ఉంటుంది. కొలిచి చూపించాల్సిన గొడవ మాలాంటివాళ్లది.

కొలవడానికి ఒక మోటు పద్ధతి ఉంది. స్ఫటికంలో కావాలనే కొంచెం చెత్త కలపడం. జింకు మంచి చెత్త, దానికి అయస్కాంతత్వం లేదు. జంటల్ని కలిపేది కంపనాలైతే జింకు కలిపినా జంటలు పెద్దగా పట్టించుకోవు. కలిపేది అయస్కాంతత్వమైతే జంటలు చెదిరిపోతాయి, అతివాహకత్వం రావాలంటే ఇంకా బాగా చల్లబరచాల్సి వస్తుంది. అంటే జింకు వేసి చూస్తే ఏ జట్టు గెలిచిందో తెలిసిపోవాలి. చెప్పడానికి ఇంత తేలిక.

సోమయాజులుగారు, సన్యాసి, రత్నం

మా గ్రూపుకు పెద్ద సోమయాజులుగారు. పాతికేళ్లుగా కంపనాల జట్టు మనిషి. ఆయన్ని తిట్టడం తేలిక, నేనూ చాలాసార్లు తిట్టాను. కానీ వెంట్రుకలో సగం ఉండే బంగారు తీగను స్ఫటికానికి ఎలా అతికించాలో నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే. ఊపిరి బిగబట్టకూడదు, మెల్లగా వదులుతూ అతికించాలి అనేవారు. ఆయనకు తప్పు చేసినవాళ్ల మీద కోపం రాదు, తనతో వాదించేవాళ్ల మీద వస్తుంది. మీకూ ఇలాంటి బాస్ దొరికే అవకాశం ఎక్కువ. తయారుగా ఉండండి.

సన్యాసి మా గ్లాస్ బ్లోయర్, గాజు గొట్టాలు కరిగించి అతికే మనిషి. బేరియం, ఇనుము, కోబాల్టు, ఆర్సెనిక్ పొడులను చిన్న మూసలో వేసి, ఆ మూసను క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి, గాలంతా తీసేసి, మంటతో మూతి మూసేసేది అతనే. ఆర్సెనిక్ అంటే విషం. గొట్టం కొలిమిలో పగిలితే ఆ సాయంత్రం మేమంతా బీచ్‌లో కాక ఆసుపత్రిలో కలుసుకుంటాం. అతను మూసిన గొట్టం పగలడం నేను చూడలేదు. అతని పేరు ఏ పేపర్లోనూ వేయకపోవడం మాత్రం ప్రతిసారీ చూశాను.

ఇక నూకరత్నం. పెదజాలరిపేట పిల్ల, నాన్న ఇప్పటికీ బోటు మీద వేటకు వెళ్తాడు. ఇంటర్వ్యూలో "ఈ టాపిక్ ఎందుకు ఎంచుకున్నావు?" అని అడిగితే, "మీ దగ్గర ఖాళీ ఉందని బోర్డు మీద రాసేరు మేడమ్" అంది. మిగతా అభ్యర్థులందరూ చిన్నప్పటి నుంచి ఎలక్ట్రాన్ల కోసం కలలు కన్నారు. నేను రత్నాన్ని తీసుకున్నాను.

మా ల్యాబ్ గురించి కూడా ఒక మాట. మీరు సినిమాల్లో చూసే తెల్లని గది కాదు. పోర్టు నుంచి వచ్చే నల్లటి ధూళి రోజూ పొద్దున్నే కిటికీ అంచున పేరుకునేది, అందులో కూడా ఇనుమే. సముద్రపు గాలికి స్ఫటికాలు రెండు రోజుల్లో మసకబారేవి. చల్లబరచడానికి కావలసిన ద్రవ హీలియం దూరం నుంచి లారీలో వచ్చేది. ఒకసారి ఆ లారీ తగరపువలస దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. మా దగ్గరికి చేరేసరికి డబ్బాలో సగం ఆవిరైపోయింది. డ్రైవర్ మాత్రం సీలు సరిగ్గానే ఉందని సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

ఎంత చక్కగా కలిశాయో

రెండేళ్లు కష్టపడి రత్నం అయిదు రకాల స్ఫటికాలు చేసింది. ఒకదానిలో జింకు లేదు, మిగతా వాటిలో క్రమంగా ఎక్కువ. అన్నిటినీ చల్లబరిచి కొలిచింది. అయిదూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర అతివాహకాలయ్యాయి. జింకు ఎంత వేసినా జంటలు చెక్కుచెదరలేదు! కంపనాల జట్టు గెలిచింది!

సోమయాజులుగారు ఆ రోజు అందరికీ జీడిపప్పు పకోడీ తెప్పించారు. నేను అయిదు గ్రాఫులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, "చూడు, ఎంత చక్కగా కలిశాయో" అన్నాను.

రత్నం పకోడీ ముట్టుకోలేదు. "మరీ ఒకేలాగున్నాయి మేడమ్. మామూలు వేడిలో కూడా తేడా నేదు. సెత్త ఏసినప్పుడు అడ్డం తగలాల గదా? కరెంటుకి అడ్డమే తగల్నేదు."

ఇది సరైన ప్రశ్న. చెత్త వేస్తే జంటల సంగతి ఎలా ఉన్నా, మామూలు ఉష్ణోగ్రతలోనే నిరోధం కొంత పెరగాలి. రెండో సంవత్సరం పిల్లలకు నేనే చెప్పే పాఠం ఇది. నేను ఏమన్నానో తెలుసా? "జింకు తక్కువ కదా, తేడా కనపడదులే" అన్నాను. ఏ లెక్కా వేయకుండా, పకోడీ నములుతూ అన్నాను.

పేపర్ రాశాం, పంపాం, అంగీకరించారు. ఒక పత్రిక విలేకరి వచ్చి, ఇకమీదట ఉక్కునగరం ఇనుముతో కరెంటు బిల్లులే ఉండవని రాసి వెళ్లాడు. మా మరిది ఆ కాగితం కత్తిరించి దాచుకున్నాడు.

గొట్టం చివర

స్ఫటికంలో ఏ మూలకం ఎంత ఉందో చెప్పే సూక్ష్మదర్శిని పక్క డిపార్ట్‌మెంటులో ఉండేది. అది చాలా నెలలుగా పాడైంది. బాగైన తర్వాత కూడా మేం వెళ్లలేదు, ఎందుకంటే ఆ డిపార్ట్‌మెంటు హెడ్డుకూ సోమయాజులుగారికీ మాటల్లేవు. తూచి వేశాం కాబట్టి అందులో ఉంటుంది అనుకున్నాం. మా పేపర్లో రాసిన జింకు శాతాలన్నీ మేం తూచినవే, కొలిచినవి కావు.

రత్నం నన్ను అడక్కుండా అక్కడికి వెళ్లి, వాళ్ల ఆపరేటర్‌ని బతిమాలి, అయిదు స్ఫటికాలనూ చూపించింది. తిరిగొచ్చి కాగితం నా బల్ల మీద పెట్టింది. బేరియం ఉంది, ఇనుముంది, కోబాల్టు, ఆర్సెనిక్ ఉన్నాయి. జింకు గడిలో అయిదుసార్లూ సున్నా.

"వాళ్ల మెషీన్ కాలిబ్రేషన్ తప్పుంటుంది" అన్నాను.

"మిగతా నాలుక్కీ కరెక్టుగానే సెప్పింది మేడమ్."

"జింకుకి తప్పుంటుంది."

ఆమె వెళ్లిపోయింది. అరగంటలో సన్యాసిని వెంటబెట్టుకుని వచ్చింది. అతని చేతిలో విరిగిన క్వార్ట్జ్ గొట్టం ముక్క. దాని కొస లోపల బూడిదరంగు అద్దంలా మెరుస్తోంది.

"ఇదేమిటి?" అన్నాను.

"పెతిసారీ అంటుకుంటాదండి" అన్నాడు సన్యాసి. "కొలిమిలో ఆ కొస సల్లగుంటాది గదా, అక్కడ."

"ఆర్సెనిక్ అయ్యుంటుంది. అదీ ఇలాగే అంటుకుంటుంది."

"కాదండి. జింకెయ్యని గొట్టం తెల్లగానే ఒత్తాది. ఏసినదానికే ఈ మెరుపు. ఎక్కువేత్తే ఎక్కువ మెరుపు. నాను ఆ ముక్క కోసేసి పారేసి, మిగతా గొట్టం మళ్లీ వాడతన్నాను."

"ఎన్నాళ్లనుంచి?"

"మొదట్నుంచండి."

"మరి చెప్పలేదేం?"

"మీరెవులూ అడగనేదండి" అన్నాడు, ఏ నిష్ఠూరమూ లేకుండా.

కథ మొత్తం ఆ ముక్కలో ఉంది. మా కొలిమి వేడికి జింకు మరిగి, ఆవిరై, స్ఫటికంలోకి వెళ్లకుండా గొట్టం చల్లని కొసకు పారిపోయి అక్కడ గడ్డకట్టింది. మేం కొలిచిన అయిదు స్ఫటికాలూ ఒకటే. అందుకే అంత చక్కగా కలిశాయి. రెండేళ్లపాటు జింకు ప్రభావాన్ని పరిశోధించాం. ఆ జింకంతా సన్యాసి చెత్తబుట్టలో ఉంది.

పదకొండు రోజులు

ఇక్కడ నేను వెంటనే లేచి బాస్ గదికి పరిగెత్తానని రాసుకుంటే బాగుంటుంది. పరిగెత్తలేదు. పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు.

అప్పటికే పేపర్ ప్రూఫులు వచ్చి ఉన్నాయి. సరిదిద్ది పంపితే అచ్చవుతుంది. ఆపితే ప్రాజెక్టు పొడిగింపు రాదు, రత్నం థీసిస్ వెనక్కిపోతుంది, ఆమె ఫెలోషిప్ అయిపోవచ్చింది. అంతా ఆ పిల్ల కోసమే ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పేపర్లో ఆమె పేరు తర్వాత నా పేరుంది. సోమయాజులుగారి ముందు నిలబడి "మనం తప్పు" అనాల్సింది నేను.

మనసు ఎన్ని దారులు వెతుకుతుందో చెబుతాను, మీకు పనికొస్తుంది. ఒకరోజు ఆ మెరుపును గీకి పరీక్ష చేయించాను, ఆర్సెనిక్ అని వస్తుందేమోనని. జింకే వచ్చింది. ఇంకోరోజు, పేపర్లో జింకు అన్నచోటల్లా "వేసిన జింకు" అని ఒక మాట చేరిస్తే అబద్ధం కాదు కదా అనుకున్నాను. నిజానికి ఆ మాట టైప్ చేశాను కూడా.

పన్నెండో రోజు మధ్యాహ్నం రత్నం నా గదిలోకి వచ్చి, కూర్చోమనకుండానే కూర్చుంది.

"మేడమ్, ఆ పేపర్లోంచి నా పేరు తీసెయ్యండి."

"అది నీ పేపరు కదమ్మా. నీ మొదటి పేపరు."

"అందుకే. వలేసేం గాబట్టి సేపలు పడ్డాయని రాసేసుకున్నాం. మా నాన అలగ రేవులోకొచ్చి సెప్తే, బుట్ట సూపించమంటారు."

"తీసేస్తే నీకు ఇంకో రెండేళ్లు పడుతుంది."

"పట్టనీండి. ఏటి సేత్తాం?" అంది. "మీరే సెప్తారని పదకొండు రోజులు సూసేను మేడమ్."

ఆమె రోజులు లెక్కపెడుతోందని నాకు తెలీదు. నేనూ లెక్కపెట్టాను, అదొక్కటే ఇద్దరికీ కలిసింది. సిగ్గుతో చెవులు వేడెక్కడం అంటే ఏమిటో ఆ యాభై మూడో ఏట తెలిసింది. గొట్టం ముక్క తీసుకుని లేచాను. "పద" అన్నాను.

బాస్ గదిలో

సోమయాజులుగారు కాగితం చూశారు, గొట్టం చూశారు.

"కొంతైనా ఉండి ఉంటుంది కదా లోపల" అన్నారు.

"లేదు సార్."

"పద్మావతీ, మన ఫలితం తప్పని ఇది చెప్పదు. మన స్ఫటికాల్లో జింకు లేదని మాత్రమే చెబుతుంది."

తెలివైనవాళ్లు తెలివిని ఎలాంటి చోట ఖర్చుపెడతారో చూడండి. ఆ వాక్యం తర్కం ప్రకారం పూర్తిగా నిజం.

"సార్, పేపర్ పేరులోనే జింకు ఉంది" అన్నాను.

ఆయనకు అప్పుడు కోపం వచ్చింది. అరవలేదు. "నువ్వు సంతకం పెట్టి ఉత్తరం రాసుకో. నా పేరు కూడా పెట్టు. నాతో మాత్రం దీని గురించి ఇక మాట్లాడొద్దు" అన్నారు. రత్నం వైపు తిరిగి, "పక్క డిపార్ట్‌మెంటుకి వెళ్లమని నీకు ఎవరు చెప్పారమ్మాయ్?" అన్నారు. నేనే పంపానని అనుండొచ్చు. ఆ అబద్ధం చెప్పే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

పేపర్ వెనక్కి తీసుకున్నాం. ఉత్తరం నాలుగు వాక్యాలు. నేను రాసినవాటిలో ఎవరూ ఏ సవరణా అడగనిది అదొక్కటే. ప్రాజెక్టు పొడిగింపు రాలేదు. సోమయాజులుగారు కారిడార్‌లో ఎదురైతే నోటీసు బోర్డు చదివేవారు. ఆ బోర్డు మీద ఏడాదిగా ఒకే నోటీసు ఉండేది.

ప్రోటాన్లు చెప్పింది

జింకు పారిపోతే చెత్త ఇంకోలా వేయాలి. వేరే ఊళ్లో ఉన్న యాక్సిలరేటర్ కేంద్రంలో సమయం కోసం అర్జీ పెట్టాం. అక్కడ ప్రోటాన్లను వేగంగా స్ఫటికంలోకి కొడితే పరమాణువులు తమ చోటు నుంచి కదిలిపోతాయి. లోపల లోపాలు ఏర్పడతాయి, వాటికి పారిపోయే దారి ఉండదు. రత్నం స్ఫటికాలను స్టీలు టిఫిన్ డబ్బాలో దూది మధ్య పెట్టుకుని, రైల్లో ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. మూడుసార్లు వెళ్లొచ్చింది. ఈసారి ప్రతి స్ఫటికాన్నీ ప్రోటాన్లు కొట్టకముందూ కొట్టిన తర్వాతా కొలిచింది. నేను రోజూ సన్యాసిని, "ఇవాళ ఏం చూశావయ్యా?" అని అడిగేదాన్ని. ఏమీ లేనప్పుడు కూడా పావుగంట చెప్పేవాడు. ఇన్నేళ్ల బాకీ అనుకుని వినేదాన్ని.

ఈసారి అతివాహకత్వం బలహీనపడింది. కంపనాల జట్టు చెప్పినట్టు చెక్కుచెదరకుండా లేదు. అలాగని రెండో జట్టు లెక్క ప్రకారం గబగబా చావనూ లేదు, మెల్లగా నీరసించింది. అంటే జంటల్ని కలపడంలో అయస్కాంతత్వం చెయ్యి ఉన్నట్టుంది, కానీ వాళ్లు చెప్పినంత సులువైన చెయ్యి కాదు. రెండు జట్లూ మా ఫలితం తమకే అనుకూలమని రాసుకున్నాయి.

ఎలక్ట్రాన్లను ఏం కలుపుతోందని ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే, నాకు పూర్తిగా తెలీదనే చెబుతాను. జీతం తీసుకుని పద్నాలుగేళ్లు చేసిన పనికి ఇది జవాబా అంటే, అవును. తెలిసిపోయిందని ఒకసారి అనుకున్నాం. పకోడీలు కూడా తిన్నాం.

ఓపెన్ వైవా

రత్నం థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం జింకు గొడవే. ఎలా వేశాం, ఎలా పోయింది, ఎలా తెలిసింది. సన్యాసి పేరు, అతను చెప్పిన మాట, గొట్టం కొస ఫొటో అన్నీ పెట్టింది. వైవాకు ఎవరైనా రావచ్చు. హాలులో నలభై మంది దాకా ఉన్నారు. సన్యాసి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. రత్నం మాట్లాడటం మొదలుపెట్టాక సోమయాజులుగారు వచ్చి, చివరి వరసలో తలుపు పక్కన కూర్చున్నారు. అప్పటికి ఆయన రిటైరై నాలుగు నెలలు.

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు అడిగాడు: "విఫలమైన ప్రయోగానికి ఇన్ని పేజీలు అవసరమా?"

"నాకు రెండేళ్లు పట్టింది సార్. తర్వాతోళ్లకి రెండు రోజులు సాలు" అంది.

ఆయన నవ్వి తలూపాడు. ఇంకెవరైనా అడుగుతారా అని సభ వైపు చూశాడు. చివరి వరసలో సోమయాజులుగారు లేచారు. హాలంతా వెనక్కి తిరిగింది.

"స్ఫటికంలో జింకు ఉందో లేదో ముందు కొలవమని నీకు ఎవరైనా చెప్పారా?" అన్నారు.

రత్నం నా వైపు చూడలేదు. "ఎవ్వరూ సెప్పనేదు సార్."

"నేను చెప్పాల్సింది" అన్నారాయన. కూర్చున్నారు.

గైడుగా వేదిక మీద, ఆమె పక్క కుర్చీలో ఉన్నది నేను. లేచి నిలబడి, "సార్ కాదు, నేను చెప్పాల్సింది" అనడానికి నాకు ఎంతసేపు? నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు, నేను అన్నిటిలోనూ నవ్వుతూ ఉన్నాను. సోమయాజులుగారు అప్పటికే వెళ్లిపోయారు.

ఆ మాట ఇప్పుడంటున్నాను. నేను చెప్పాల్సింది, రత్నం.